చింపేశాను, మిస్ కాల్డర్

క్రోయిడన్‌లో ఒక కౌన్సిల్ ఫ్లాటు, మూడో అంతస్తు. ఫ్లాటు మిస్ ఇనెజ్ కాల్డర్‌ది. ఆవిడ ఎనిమిది రోజులుగా ఆస్పత్రిలో ఉంది. బల్ల దగ్గర ఇద్దరు కూర్చున్నారు. ఒకరు తాళంచెవి ఉన్న ఎదురు ఫ్లాటు గోపాల్‌రావు, ఇంకొకరు కింది అంతస్తులో అద్దెకుంటూ ఎమ్మెస్సీ చదువుతున్న సాత్విక. మధ్యాహ్నం రెండు దాటింది.

"కాదంకుల్, ఇది ఇంగ్లీషా తెలుగా? ముందు అది చెప్పున్రి."

"ఇంగ్లీషే. తెలుగు అక్షరాల్లో ఉందంతే. చదువు, చదువు. నాలుగింటికి పబ్లిషరావిడ వచ్చేస్తుంది."

"'ద షిప్ వజ్ వైట్ అండ్ ద జెట్టీ వజ్ ఫుల్ ఆఫ్...' అబ్బా! ఒక్కో పదం నోట్లో వేసుకుని నమిలితే గాని అర్థమైతలేదు."

"ఆ ఒక్క పేజీయే అలా ఉంటుంది. ఆవిడ ఇంగ్లీషు పరిగెత్తేది, నా చెయ్యి నడిచేది. రెండో పేజీ నుంచి ఆవిడ ఇంగ్లీషులో చెప్తుంటే నేను తెలుగులోకి మార్చి రాసేశాను. తిప్పి చూడు."

"తిప్పిన. అవును, తెలుగే. 'తెల్ల ఓడ. రేవంతా జనం. జాజికాయ బస్తాల వాసన...' వెయిట్ అంకుల్. అంటే మిస్ కాల్డర్ చివరి నవల తెలుగులోనే ఉన్నదా? ఇంకెక్కడా లేదా?"

"లేదు. ఈ పదకొండు నోటుపుస్తకాల్లోనే ఉంది. ఆవిడ నోరేమో పడిపోయింది."

"ఆ పబ్లిషరావిడకు తెలుసా ఇది?"

"తెలీదు. తెలీకుండానే ఇంగ్లీషులో టైపు కొట్టి ఆవిడ ముందు పెట్టాలి. అందుకే కదా నిన్ను పిలిచాను. ఈ బిల్డింగులో తెలుగు చదివి ఇంగ్లీషు కొట్టగలిగిన మనిషివి నువ్వొక్కదానివే."

"పదకొండు నోట్‌బుక్కులు రెండు గంటల్లోనా? నాకు ఐదింటికి టేక్‌అవే హోటల్ల షిఫ్టు ఉన్నది. డ్యూటీ లిస్టుల నా పేరు ఎక్కించిన్రు."

"పదకొండూ అక్కర్లేదమ్మా. రేవు అధ్యాయం చాలు. ఆ ఒక్క అధ్యాయం ఆవిడ చేతిలో పెడితే అప్పుడు ఆస్పత్రికి వస్తుంది. మిస్ కాల్డర్‌ని చూస్తుంది."

"పెట్టకపోతే?"

"ఇటు నుంచి ఇటే వెళ్ళిపోతానంది. ఫోన్లో అదే మాట మూడుసార్లు అంది. 'నాకు చూపించడానికి ఏమైనా ఉంటేనే లోపలికి వస్తా'నని."

"మస్తు స్ట్రిక్టుగా ఉన్నది. మిస్ కాల్డర్‌కు ఎట్లున్నది ఇప్పుడు?"

"డాక్టరు వారాలు అనలేదు. రోజులన్నాడు. ఎన్ని రోజులని అడిగితే, నా మోకాలి వంక చూశాడు, అక్కడేదో రాసున్నట్టు."

"అయ్యో."

"అయ్యో తర్వాత. ముందు కొట్టు."

"కొడుతున్న. అసలు ఆమె అంత పెద్ద రైటరా అంకుల్? నేను లిఫ్టుల చూసిన, అంతే. 'డార్లింగ్, బటన్ నొక్కు' అనేది."

"పెద్దా? ఆవిడ మొదటి పుస్తకం వచ్చిన రోజు లండన్‌లో బస్సులన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు స్టీరింగు మీద పెట్టుకుని చదువుతున్నారు."

"అంకుల్."

"సరే, ఒక బస్సు ఆగింది."

"అంకుల్!"

"ఆగలేదులే. కానీ ఆ డ్రైవరు చదివాడు. ఆయనదీ ఈవిడ పుట్టిన గ్రెనడా దీవే, కరీబియన్‌లో. స్టాపులో ఈవిణ్ణి గుర్తుపట్టి, బస్సు దిగొచ్చి మరీ దండం పెట్టాడట. అంతకంటే పెద్ద బహుమతి రాలేదంది నాతో."

"ఎప్పుడొచ్చింది ఈ దేశానికి?"

"ఇరవై ఏళ్ళప్పుడు. ఓడలో. నర్సు ట్రైనింగని పిలిచి, రీడింగ్‌లో ఒక ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడిగించారు. ఈవిడ దుప్పట్లు పెట్టే గదిలో దూరి, జ్వరం చార్టుల వెనక నవల రాసింది. ఆ ఏడాది రోగుల్లో ఎవరికి ఎంత జ్వరమో ఎవరికీ తెలీదు గానీ, నవల మాత్రం ముప్ఫై అధ్యాయాలైంది."

"ఇదీ కోతేనా?"

"సగం. ఏ సగమో నేనూ మర్చిపోయా. పుస్తకం వచ్చింది, పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. దీవుల ఎండ కళ్ళకి కడుతోందన్నారు. ఇంకా ఎండ కావాలన్నారు. ఈవిడేం చేసిందీ, స్విండన్‌లో రైలుపెట్టెలు చేసే కార్ఖానా క్యాంటీన్లో ప్లేట్లు కడిగే ఆడవాళ్ళ మీద రెండోది రాసింది."

"ఆహా. దానికేమన్నరు?"

"సముద్రం ఏదీ అన్నారు."

"స్విండన్‌లో సముద్రం ఎక్కడుంటది?"

"ఈవిడా అదే అడిగింది. ఆ అడగడమే తప్పయింది. మూడోది వేసేవాళ్ళే లేరు. నలభై ఏళ్ళు, అమ్మాయ్. నలభై ఏళ్ళు ఈ క్రోయిడన్‌లో సాయంత్రం బడిలో ఇంకోళ్ళ కథలు దిద్దింది. రెండేళ్ళ కిందట ఎవరో కుర్రాళ్ళు పాత నవల తవ్వి తీసి మళ్ళీ అచ్చేశారు. అట్ట మీద కొబ్బరిచెట్టు వేశారు. లోపల కథలో ఒక్క కొబ్బరిచెట్టు లేదు. ఈవిడ అట్ట ఊడదీసి, పుస్తకం నాకిచ్చింది."

"అట్ట ఏం చేసింది?"

"కిటికీ ఊగుతుంటే సందులో దోపింది. అదుగో, ఇంకా ఉంది."

"ఆహా. అంకుల్, ఈ పుస్తకం అయిపోయింది. రేవు చాప్టర్ తోనే అయిపోయింది. పిల్ల నాయనమ్మ కొంగు... సారీ, అమ్మమ్మ గౌను పట్టుకుని ఏడుస్తది, ఓడ కదుల్తది. బాగున్నది. రెండో నోట్‌బుక్ ఇస్తరా, కంటిన్యూటీ చూస్తా."

"ఎందుకూ, ఇది చాలదూ?"

"ఇయ్యున్రి. 'తెల్ల ఓడ. రేవంతా జనం.' అంకుల్? ఇది కూడా అదే."

"ఊఁ."

"ఇందులో పిల్ల ఏడుస్తలేదు. జామపండు తింటున్నది. తల్లి వంక చూడనే చూడదు. ఇంకోటి ఇయ్యున్రి. 'తెల్ల ఓడ...' ఇందులో నిద్రపోతున్నది! అంకుల్, అన్నింట్లో ఒకటే చాప్టరా?"

"అన్నింట్లో."

"మిగతా నవల ఏది?"

"అదే నవల."

"పదకొండు సార్లు ఒక్కటే చాప్టర్ రాసిన్రా మీరు?"

"పద్నాలుగు సార్లు. కొన్ని పుస్తకాల్లో రెండేసి ఉన్నాయి. ఆవిడ పద్ధతి అది. సోమవారం చెబుతుంది, నేను రాస్తాను. అధ్యాయం పూర్తయ్యాక తిరిగి చదివి వినిపిస్తాను. నాకు చేతనైన ఇంగ్లీషులో. కళ్ళు మూసుకుని వింటుంది. విని, 'కాదు రావ్, చింపెయ్' అంటుంది. మళ్ళీ సోమవారం మొదట్నించి. కాగితం మీద ఎప్పుడూ ఒక్కటే ఉండాలి, పాతది ఉంటే కొత్తది సిగ్గుపడుతుందనేది."

"మరి ఇవన్నీ చింపలేదేంది?"

"ఎలా చింపను? మా బళ్ళో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకోకపోతే మాస్టారు వీపు వాయించేవాడు. రాసిన కాగితం చింపడమంటే... నాకు చేతులు రాలేదమ్మా. ఆవిడకి చూపు సరిగ్గా ఆనదు కదా. మెట్ల కింద పడేస్తారే, పిజ్జా ప్రకటన కాగితాలు, అవి తెచ్చి ఆవిడ ముందు పరపరా చింపేవాణ్ణి. 'చింపేశాను, మిస్ కాల్డర్' అనేవాణ్ణి. ఆ చప్పుడు వింటే ఆవిడ ముఖం తేలికపడేది."

"పిజ్జా కాగితాల మీద కూడా అక్షరాలుంటయ్ కదా అంకుల్."

"అవి పిజ్జా అక్షరాలు."

"నవ్వు రాకుండ ఉండాలె నాకు... అసలు మీరే ఎందుకు? ఫోన్ల రికార్డ్ చేసుకోవచ్చు కదా ఆమె."

"నేనూ అన్నా. 'యంత్రం అన్నీ గుర్తుపెట్టుకుంటుంది రావ్, నువ్వు పెట్టుకోవు' అంది. ఇంకోటి కూడా అంది. 'నీ రాత ఈ దేశంలో ఎవరూ చదవలేరు, అందుకే నువ్వు కావాలి' అని. ఎవరూ చదవకూడదనుకునే మనిషి రాయించడమెందుకో నాకు అర్థం కాలేదు. ఏడాదిన్నర రాశాను. ఇప్పటికీ అర్థం కాలేదు."

"సరే, టైమ్ రెండూ నలభై. ఇప్పుడు సింపుల్. ఆమె పద్ధతి ప్రకారం చివర చెప్పిందే ఒరిజినల్. చివరిది ఏది?"

"అదే తెలీట్లేదు."

"తేదీలు వెయ్యలేదా?"

"చింపేసినట్టు లెక్క కదా. చింపేసినదానికి తేదీలెందుకనుకున్నా. ఏ పుస్తకం చేతికందితే అందులో రాశా. మా ఇంటావిడ పుష్పలీల ఒక దాంట్లో సగం నుంచి చారుపొడి కొలతలు రాసుకుంది."

"అంకుల్!"

"అరవకు. నేనే అరుచుకుంటున్నా లోపల. వారం రోజులుగా నిద్ర లేదు. ఆవిడొచ్చి 'ఏదీ' అంటే ఏది ఇవ్వను? తప్పుది ఇస్తే? తప్పుది ఇచ్చి పంపిస్తే ఇంక దిద్దుకునే రోజే లేదు."

"మిస్ కాల్డర్‌నే అడగొచ్చు కదా? మాట పోయినా వినపడతది కదా. 'ఇదేనా' అంటే చెయ్యి నొక్కమనున్రి."

"అడిగా. నిన్న. సంచీలో నాలుగు పుస్తకాలు పట్టుకెళ్ళా. పక్కన కూర్చుని చదవడం మొదలెట్టా. రెండు వాక్యాలు చదివానో లేదో కళ్ళు తెరిచింది. నేను చింపేశానని ఆవిడ అనుకున్నవి కదా. ఒక్కొక్కటీ తన కళ్ళ ముందు చింపినవి. అన్నీ బతికున్నాయని అప్పుడు తెలిసిందావిడకి."

"ఏం చేసింది?"

"నా చేతిలో ఉన్న చెయ్యి లాక్కుంది. కదిలేది ఆ చెయ్యొక్కటే. గోడ వైపు తిరగాలని చూసింది, మెడ తిరగలేదు. కన్నీళ్ళు చెవిలోకి పోతున్నాయి, తుడవనివ్వలేదు."

"ఏడవకున్రి అంకుల్. మంచినీళ్ళు తాగున్రి."

"ఏడాదిన్నర ఆవిడ దగ్గర కూర్చున్నా. నేను చెప్పిన అబద్ధాలన్నీ నవ్వుతూ విన్న మనిషి. మా ఊళ్ళో చేప నన్ను మింగి మళ్ళీ ఉమ్మేసిందంటే, 'ఉప్పు ఎక్కువైందా రావ్' అంది. ఆ మనిషిని ఒక్క నిజమైన మోసం చేశా."

"మీరు మంచికే చేసిన్రు. చూడున్రి, మనం సార్ట్ చేద్దాం. ఈ పేజీల పైన మీరేదో రాసుకున్నరు. 'మోకాలు, డాక్టరు, పదిన్నర'. ఇదెప్పుడు?"

"మోకాలా... అది పోయిన వేసవి."

"దీంట్లో జామపండు పిల్ల. సరే. ఇక్కడ 'క్లినిక్‌కి ఫోన్, దగ్గు'?"

"చలికాలం. క్రిస్మస్ ముందు."

"నిద్రపోయే పిల్ల. ఇక్కడ 'కంటి పరీక్ష'?"

"మొన్న! మొన్నటిది, మూడు వారాలైంది. నాకు కాదు, ఆవిడకి నేను తోడు వెళ్ళా."

"అయితే ఇదే చివరిది! చూడున్రి, దీని తర్వాత ఖాళీ పేజీలే. ఉండున్రి, చదువుతా. 'తెల్ల ఓడ. అమ్మ పిల్లని భుజాల మీదికి ఎత్తింది, అందరికంటే ఎత్తుగా. పిల్ల పసుపు రుమాలు ఊపుతోంది. ఏదో ఆట అనుకుంది. నవ్వుతోంది. ఓడ మలుపు తిరిగేదాకా ఆ రుమాలు కనపడుతూనే ఉంది. ఆ నవ్వు మోసుకుంటూ సముద్రం దాటాను.' అబ్బ... అంకుల్, ఇది సూపర్. ఇదే. పబ్లిషర్ ఎగిరి గంతేస్తది. సముద్రం కూడా ఉన్నది."

"నిన్న చదివింది అదే."

"ఆ?"

"ఆవిడ చెయ్యి లాక్కుంది అది చదువుతుంటేనే."

"అది చింపలేదని తెలిసి బాధతో అంకుల్. దీన్ని కాదన్నట్టు కాదు కదా. నేను ఇది కొట్టేస్తున్న. మూడుం పావయింది."

"కొట్టు... కానీ ఆ పిల్ల ఏమనుకుంటుంది?"

"ఏ పిల్ల?"

"రేవులో పిల్ల."

"కథల పిల్ల ఏమనుకుంటది అంకుల్! చెయ్యి ఊపుతది, ఊరుకుంటది. మీరు మరీ లీనమైపోయిన్రు."

"అంతే, అంతే. కథే కదా. మీ ఇంట్లోవాళ్ళకి ఏమని చెప్పొచ్చావమ్మా నువ్వు, ఈ దేశం వచ్చేటప్పుడు?"

"టాపిక్ మార్చకున్రి. 'షి వజ్ లాఫింగ్'... ఈ నోట్‌బుక్‌లోంచి ఏదో పడ్డది. కవరు. డాక్టరు క్లినిక్ వాళ్ళది. దీని వెనక కూడా మీ రాతనే ఉన్నది. నల్లగా, బొగ్గుతో రాసినట్టు."

"అది పుష్పలీల కనుబొమల పెన్సిలు. పక్కన పెట్టు."

"ఇదొక వెర్షనా?"

"కాదు. పక్కన పెట్టమన్నానా."

"మీరు ఇట్లంటే తప్పకుండ చదువుతా నేను. 'ఓడ వచ్చిన రోజు పిల్లని రేవుకి తీసుకెళ్ళలేదు. వాకిట్లో మట్టిలో ఆడుకుంటోంది. రొట్టె తెస్తాను, ఇక్కడే కూర్చో అన్నాను. తల ఊపింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని కాదు. చూసినా ఆగనని తెలుసు. సాయంత్రం దాకా అక్కడే కూర్చుందనీ, లోపలికి రమ్మంటే రాలేదనీ అమ్మ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు.' అంతేనా? ఇంకేం లేదు?"

"అంతే."

"ఎప్పటిది ఇది?"

"మొదటి రోజుది. రాయడానికి పుస్తకం కూడా కొనలేదు అప్పటికి. టీ తాగడానికి పిలిచింది. కూర్చోగానే, 'రావ్, పెన్సిలుందా' అంది. నేను పరిగెత్తుకెళ్ళి, కనపడింది పట్టుకొచ్చా. ఇది చెప్పింది. టీ చల్లారిపోయింది. అప్పుడు, 'ఇది చింపెయ్ రావ్. వచ్చే సోమవారం నుంచి కథ చెప్తాను' అంది."

"అయితే ఇది రఫ్ నోట్స్. ఇందులో ఓడ కనపడదు, సముద్రం లేదు, మంచి వాక్యం ఒక్కటి లేదు. పద్నాలుగు సార్లు చెక్కి చెక్కి ఆ పసుపు రుమాలు దాకా వచ్చింది ఆమె. రైటర్ ఆఖరికి ఎంచుకున్నది అది."

"ఎంచుకున్నదా? చివరిది తెలీదన్నది నా కోత, ఇది ఇవ్వాలనిపించక. పోయిన వారం సోమవారం ఆ రుమాలుది కూడా చదివించుకుని చింపమంది. 'అన్నీ అబద్ధాలే వస్తున్నాయి రావ్, ఇంక రాకు' అంది. నేను పిజ్జా కాగితాలు చింపి, తలుపు వేసి వచ్చేశా. రేపు మనసు మారుతుందిలే అనుకున్నా. మర్నాడు ఉత్తరాల వాడు తలుపు కన్నంలోంచి చూశాడు, నేల మీద పడి ఉందని."

"ఇది మీరు నాకు ముందే చెప్పాలె."

"చెబితే ఏం చేసేదానివి?"

"ఏమో. అయినా ఇప్పుడు రుమాలు చాప్టరే కరెక్ట్ అంకుల్. అందంగా ఉన్నది. ఎవరికీ నొప్పి లేదు. ఆ కవరు ఇస్తే మిస్ కాల్డర్ గురించి ఏమనుకుంటరు అందరు? చచ్చిపోయే ముందు ఆమెను అట్ల చూపించాలా?"

"రుమాలు ఇస్తే అబద్ధమని ఆ వచ్చే ఆవిడకి ఇట్టే తెలిసిపోతుందే."

"ఎట్ల తెలుస్తది? ఇది ఫిక్షన్. మూడూ యాభై ఐదు. అయిపోయింది, టైప్ చేసిన. చూడున్రి, స్క్రీన్ మీద ఎంత నీట్‌గా ఉన్నదో."

"బాగుంది. అబద్ధం చెప్పడంలో నాకంటే గొప్పది మిస్ కాల్డర్. నేను నవ్విస్తా, అంతే. ఆవిడ నమ్మిస్తుంది."

"బెల్లు. అంకుల్, బెల్లు కొట్టిన్రు. లేవున్రి. నేను తియ్యనా తలుపు?"

"ఉండు. ఒక్క నిమిషం. ఆ కవరు ఇటివ్వు."

"ఇచ్చిన. కానీ అది ఇయ్యకున్రి అంకుల్, ప్లీజ్. ఆ పిల్ల సాయంత్రం దాకా మట్టిల కూర్చున్నదో లేదో ఈ పబ్లిషర్‌కేం తెలుసు?"

"పబ్లిషరని నీకు చెప్పింది నా కోతమ్మా. నిజం చెబితే నువ్వు ఒక్క అక్షరం కొట్టేదానివి కాదని. తలుపవతల ఉన్నది గ్లెండా, మిస్ కాల్డర్ కూతురు, అరవయ్యేడేళ్ళు. ఆ వాకిట్లో కూర్చున్నది తనే."